బడి మూతపడినా ఆటలు, బాలసభ, గోడపత్రిక ఆగకూడదంటే ఏం చేయాలి?

తెలంగాణలోని అచ్చంపేట ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరిన ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: 2020లో వచ్చినట్టు ఏదైనా అంటువ్యాధి వచ్చి బడి మళ్లీ మూతపడినా, సగం తరగతులతో నడిచినా, సహపాఠ్య కార్యక్రమాలను ఎలా కొనసాగించాలో ముందే ఒక ప్రణాళిక రాసి ఇమ్మని ప్రధానోపాధ్యాయులు ఆమెకు అప్పగించారు. పిల్లలు ఒక ఊరి నుంచి, నాలుగైదు తండాల నుంచి వస్తారు. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లు తక్కువ. పాఠాలే సరిగా సాగని రోజుల్లో ఈ ఆటపాటలు ఎందుకని తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలన్నది ఆమె చివరి సందేహం.

టీచర్ గారూ, ముందు సూటిగా జవాబు చెబుతాను. కార్యక్రమాలన్నింటినీ ఫోనులోకి ఎక్కించే ప్రయత్నం చేయకండి. రెండో మూడో ఎంచుకొని, వాటిని ఆవాసాల వారీగా ఐదారుగురి జట్లకు పంచండి. ఆరుబయట జరిగేవీ కాగితం మీద సాగేవీ ఉంచుకొని, గదిలో గుమిగూడి చేసేవాటిని నిలిపివేయండి. ఫోనును మాట్లాడుకోవడానికి మాత్రమే వాడండి. ఏ రోజు ఏ కార్యక్రమమో ఒకసారి నిర్ణయించాక, ఒక్క పిల్లవాడే వచ్చినా ఆ రోజు తప్పనివ్వకండి. ఇక పూర్తి లాక్‌డౌన్ ఉన్న రోజుల్లో ఆరుబయట జట్లు కూడా వద్దు. అప్పుడు కాగితం, ఫోను మాటలు ఈ రెండే మిగులుతాయి.

నేను దేవరకొండ డివిజన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతూ చాలా ఏళ్లు బాలసభ, గోడపత్రిక బాధ్యతలు చూశాను. కరోనా రెండేళ్లూ ఆ పనిలోనే ఉన్నాను. ఆ కాలం గురించి మాట్లాడేటప్పుడు మనం బడి ఒకసారి మూసి ఒకసారి తెరిచినట్టే చెప్పుకుంటాం గానీ, జరిగింది అది కాదు. 2020 మార్చి నడుమ మూతపడిన బడులకు ఆగస్టు 27 నుంచి ఉపాధ్యాయులం మాత్రమే వెళ్లాం. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల పిల్లలు, ఆ నెలాఖరున ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు బడిలో అడుగుపెట్టారు. మార్చి 24 నుంచి మళ్లీ మూత. ఆ సెప్టెంబరు 1న తిరిగి తెరుచుకున్నాం. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులు నెలాఖరు దాకా సాగాయి. అందుచేత మీ ప్రణాళికలో ఒక్కో కార్యక్రమం ఎదురుగా ఒకే ప్రశ్న వేసుకోండి: దీన్ని రేపు మధ్యలో ఆపేసి, రెండు నెలల తర్వాత అక్కడి నుంచే ఎత్తుకోగలమా? కుదరదనిపించిన వార్షికోత్సవం, బడుల మధ్య పోటీలు, విహారయాత్ర వంటివాటిని మొహమాటం లేకుండా కొట్టివేయండి.

మా మొదటి ప్రయత్నం పూర్తిగా బెడిసికొట్టింది. 2020 జూన్‌లో వాట్సాప్ గ్రూపు తయారు చేసి, పాటో నృత్యమో వీడియో తీసి పంపమన్నాం. బడిలో ఎప్పుడూ వేదిక ఎక్కే పిల్లలే పంపారు. తండాల నుంచి వచ్చినవి రెండే. అందులో ఒకటి ఎనిమిదో తరగతి అమ్మాయిది. అన్న పని నుంచి వచ్చేదాకా ఫోను కోసం కాచుకొని, చీకటి పడ్డాక వాకిట్లో బల్బు కింద తీసిన ఆ వీడియోలో ఆమె ముఖమే కనబడలేదు, పాట మాత్రం చక్కగా వినిపించింది. ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి జరిగింది. మరో అమ్మాయి నృత్యం వీడియో గ్రూపు దాటి ఊళ్లో ఎవరెవరి ఫోనుల్లోకో చేరింది. వాళ్లమ్మ నాకు ఫోను చేసి, "సారూ, నా బిడ్డ బడిల ఆడితె మాకేం బాధ లేదు, ఊరోళ్ల ఫోన్లల్ల ఆడుడేంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమెను క్షమించమని అడిగి, ఆ రోజే పోటీ ఆపేశాను. పిల్లల వీడియోలు, ముఖ్యంగా ఆడపిల్లలవి, అడగకండి. గొంతు వినిపిస్తే చాలు, రాత చేతికందితే చాలు.

ఆ తర్వాత మాకు నిజంగా కలిసివచ్చింది గోడపత్రిక. గోడ లేదు కాబట్టి దాన్ని పుస్తకంగా మార్చాం. ఒక్కో ఆవాసానికి ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని, పాత క్యాలెండరు అట్ట వేసి, మొదటి పేజీలో పిల్లల పేర్లు వరుసగా రాశాం. పుస్తకం ఒక్కొక్కరి దగ్గర రెండు రోజులు ఉంటుంది. ఒక పేజీ తనకు తోచినది రాయాలి లేదా బొమ్మ వేయాలి. దాంతోపాటు తనకు ముందు రాసినవారి పేజీ కింద కనీసం రెండు వరుసల జవాబు రాయాలి. ఈ రెండో నిబంధన మొదట్లో లేదు, మూడు వారాల తర్వాత చేర్చాం. అది చేర్చేదాకా పిల్లలు పాఠ్యపుస్తకంలోని సూక్తులు, పక్షుల బొమ్మలు ఎక్కించి ముందుకు తోసేవారు. తాను రాసింది ఫలానావాడు చదివి జవాబు రాస్తాడని తెలిశాక ఇంట్లో మేక ఈనిన సంగతి, బోరు ఎండిపోయిన సంగతి, బాపుతో పత్తి చేనుకు మందు కొట్టడానికి వెళ్లిన సంగతి రాయసాగారు.

పుస్తకం చేతులు మారడానికి మనిషి కావాలి కదా. మా ఊళ్లో పిల్లలు పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకొని పాలకేంద్రానికి ఎలాగూ వెళ్తారు. పాలు కొలిచే అతను వెన్న శాతం చూసే యంత్రం పక్కన గూట్లో పుస్తకం పెట్టేవాడు; వంతు వచ్చినవారు పాలు పోసి పుస్తకం తీసుకునేవారు. ఆ పుస్తకాల అంచులన్నింటికీ పాల మరకలే. పాలకేంద్రం లేని తండాలో ఈ పని అంగన్‌వాడీ టీచర్ చేశారు. మీ దగ్గర రేషన్ దుకాణం ఉండవచ్చు, ఆశా కార్యకర్త ఉండవచ్చు. పిల్లల దారిలో ఇప్పటికే ఉన్న మనిషిని పట్టుకోండి, కొత్తగా ఎవరినీ తిప్పకండి. శనివారం నేను పుస్తకాలు తెప్పించుకొని చదివి, ప్రతి పేజీ కింద పెన్సిలుతో ఒక మాట రాసేవాడిని. ఎర్ర పెన్ను ముట్టలేదు, అక్షరదోషాలు దిద్దలేదు. మా తెలుగు పండితులకు ఇది మింగుడుపడలేదు. దిద్దుబాటు బడి తెరిచాక చేద్దామని ఆయనను ఒప్పించడానికి నాకు నెల పట్టింది.

ఒక సంఘటన చెప్పాలి. మార్చిలో బడి మూసినప్పుడు పుణేలో కూలి చేసుకునే తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లిన ఏడో తరగతి పిల్లవాడు జూలైలో వాళ్లతోపాటు తిరిగి వచ్చాడు. రెండు వారాలు ఇల్లు కదలకూడదన్నారు. అతని చేతికి వెళ్లిన పుస్తకాన్ని తర్వాతివారు ముట్టుకోరని మిగతా పిల్లలే తేల్చేశారు. అప్పుడు అతని స్నేహితుడొకడు ఫోనులో అతను చెబుతుంటే తన చేత్తో ఆ పేజీ రాశాడు. రాసిందంతా ఒకే విషయం: భవనం కడుతున్న చోట తాను పెంచుకున్న కుక్కపిల్లను లారీ ఎక్కనివ్వలేదని. ఆ పేజీ కింద జవాబులకు చోటు చాలక, పక్కన కాగితం అతికించాల్సి వచ్చింది. అతను బయటికి వచ్చిన రోజు పిల్లలు అతన్ని మొదట అడిగింది రోగం గురించి కాదు, కుక్కపిల్ల పేరు. (మొదట్లో పుస్తకాన్ని ఒక రోజు ఎండలో పెట్టి ఇచ్చేవాళ్లం. ఆ వ్యాధి ప్రధానంగా గాలి ద్వారా సోకుతుందనీ, వస్తువులను తాకడం వల్ల ముప్పు దానితో పోలిస్తే చాలా తక్కువనీ తర్వాత స్పష్టమైంది. రాబోయే రోగం ఏ దారిన సోకుతుందో చూసుకొని మీరు ఈ నియమం పెట్టుకోండి. అతిసారం వంటిదైతే చేతులు, నీళ్లే ముఖ్యమవుతాయి.)

ఆటల సంగతికి వస్తే, మన పాలమూరు, నల్లగొండ బడుల్లో ఆట అంటే ముందుగా కబడ్డీ. శ్వాస ద్వారా సోకే రోగం ఉన్నప్పుడు అన్నింటికంటే ముందు ఆపాల్సిందీ, అన్నింటికంటే చివర మొదలుపెట్టాల్సిందీ అదే, ఎందుకంటే అది పట్టు ఉన్న ఆట, పైగా ఎదుటివారి ముఖం మీద కూత పెట్టే ఆట. ఖోఖోలో జట్టు ఆట మానేసి, స్తంభం చుట్టూ తిరగడం, వంకరటింకర పరుగు వంటి మెలకువలను ఒక్కొక్కరితో సాధన చేయించవచ్చు. వాలీబాల్‌కు మధ్యలో వల ఉంది కాబట్టి ముగ్గురేసి చొప్పున కొంత నయం. తండాలకు మేము పంపినవి తాడాట తాళ్లు. వాటితోపాటు చిర్రగోనెను (బిళ్లంగోడు, గిల్లీదండా అనే ఆటను) కూడా లెక్కలోకి తెచ్చాం. ఇద్దరు ముగ్గురితో నడుస్తుంది, దూరం అడుగులతో కొలుచుకోవచ్చు, ఖర్చు లేదు. కొట్టేవాడి ముందు ఎవరూ నిలబడరాదని గీత గీసి మరీ చెప్పండి, కంటికి తగిలితే ప్రమాదం. ప్రతి పిల్లవాడూ తన లెక్కను, అంటే ఆగకుండా ఎన్నిసార్లు తాడాట ఆడాడో, వంద అడుగులు ఎన్ని సెకన్లలో పరుగెత్తాడో, నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకోవాలి. పోటీ తనతో తనకే.

మాస్కు పెట్టుకొని పరుగెత్తించాలా అని చాలామంది అడుగుతారు. తీవ్రమైన వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని, దూరం పాటించడమే ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. మేమూ అదే పాటించి, నిలబడి మాట్లాడుకునేటప్పుడు మాస్కు, పరుగుకు మాత్రం ఎడం అని పెట్టుకున్నాం.

బడి తెరిచిన మొదటి వారమే ఆటల పోటీలు పెట్టకండి. 2021 ఫిబ్రవరిలో మా తొమ్మిది, పది తరగతుల పిల్లలు మైదానం ఒక చుట్టు తిరిగేసరికి నడుము పట్టుకొని నిలబడిపోయారు. అంతకుముందు ఏడాది మండల స్థాయిలో పరుగెత్తిన అమ్మాయి కూడా అందులో ఉంది. మొదటి వారం చురుకైన నడక, రెండో వారం ఒక నిమిషం నడక ఒక నిమిషం పరుగు, మూడో వారం పరుగు పెంచడం, నాలుగో వారం ఆట, ఈ వరుసలో వెళ్లాం. జ్వరం వచ్చి తగ్గిన పిల్లలను ఇంకా నెమ్మదిగా దించాలి. పరుగెత్తుతున్నప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, అలవిమాలిన ఆయాసం కనిపిస్తే ఆపించి, వైద్యులకు చూపించాకే మళ్లీ మైదానంలోకి రానివ్వండి.

పాట విషయంలో నేను కఠినంగా ఉంటాను. గదిలో బృందగానం ఎంత ప్రమాదమో 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందానికి జరిగినది చూస్తే తెలుస్తుంది. రెండున్నర గంటల సాధనకు వచ్చిన 61 మందిలో 53 మందిని ధ్రువీకరించిన లేదా అనుమానిత కేసులుగా లెక్కించారు, ఇద్దరు చనిపోయారు. పాడేటప్పుడు, గట్టిగా అరిచేటప్పుడు ఊపిరి మామూలు మాటల్లో కంటే ఎక్కువ బలంగా బయటికి వస్తుంది, మూసిన గదిలో అది అక్కడే తిరుగుతుంది. ప్రార్థనా సమావేశాన్ని కూడా ఈ లెక్కలోనే చూడండి.

అయితే పాడకుండానే పాట పని చాలా చేయవచ్చు. 2020లో అధిక ఆశ్వయుజ మాసం రావడంతో బతుకమ్మ అక్టోబరు నడిమికి జరిగింది. దొరికిన ఆ అదనపు నెలను మేము వాడుకున్నాం. అవ్వలు, అమ్మమ్మలు పాడే బతుకమ్మ పాటలను పిల్లలు విని రాసి తేవాలన్నాం. ఒకే పాట మా ఊరిలో ఒక తీరుగా, రెండు మైళ్ల అవతలి ఊరిలో ఇంకో తీరుగా ఉంది; ఒక చోట అత్తవారింటికి పోయిన బిడ్డను చూడటానికి అన్న వస్తే, ఇంకోచోట తండ్రి వచ్చాడు. ఏది అసలుదని నోటు పుస్తకంలో పిల్లలు వారం రోజులు వాదించుకున్నారు. తండాల పిల్లలు లంబాడీ భాషలోని తమ తీజ్ పండుగ పాటలు తెలుగు లిపిలో రాశారు. మామూలు సంవత్సరంలో మా వేదిక మీద ఆ పాటలు ఒక్కసారి కూడా వినబడలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది, సిగ్గుగా కూడా అనిపించింది.

బాలసభను మామూలు ఫోనులోనే నడిపాం. బటన్ల ఫోనులో కూడా కాన్ఫరెన్స్ కలిపితే ఐదారుగురు ఒకేసారి మాట్లాడుకోవచ్చు. శుక్రవారం రాత్రి ఏడు గంటలకు, అంటే పనికి వెళ్లినవారు ఫోనుతో ఇల్లు చేరాక, ఇరవై నిమిషాలు. పత్తి ఏరే రోజుల్లో ఎనిమిదికి మార్చేవాళ్లం. అధ్యక్షత వహించే పిల్లవాడు పేరు పిలిచాకే మాట్లాడాలి, లేకపోతే అందరి గొంతులూ కలిసిపోతాయి. ఒకరు ఆ రోజు మాటల సారాంశాన్ని నోటు పుస్తకంలో రాయాలి. విషయం ముందు రోజే చెప్పండి, అదీ చిన్నదిగా. "పర్యావరణ పరిరక్షణ" అని ఇస్తే పుస్తకం చదివి వినిపిస్తారు. "మన ఊరి చెరువులో ఈసారి నీళ్లు ఎందాక వచ్చాయి" అని ఇస్తే మాట్లాడతారు.

విజ్ఞానశాస్త్రానికి నేను ఇచ్చే సలహా ఒకటే: వానకొలత. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తిప్పి పెట్టి, పక్కన స్కేలు అతికిస్తే సరిపోతుంది. రోజూ ఎనిమిది గంటలకు చూసి రాయాలి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కుండపోత కురిసినప్పుడు ఒక ఆరో తరగతి పిల్లవాడు తన పట్టికలో అంకె వేయకుండా "నిండి పొర్లింది, ఎంతనో తెల్వది" అని రాశాడు. ఆ ఒక్క వరుస మీద మా భౌతికశాస్త్రం సార్ బడి తెరిచాక ఒక పీరియడ్ అంతా పాఠం చెప్పారు. పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులకు మీ పిల్లల ఆలోచనలు పంపేటప్పుడు కూడా ఇలాంటి పట్టికలు, నోటు పుస్తకాలు తిరగేయండి. అసలైన ఇబ్బందులు అక్కడ దొరుకుతాయి.

ఇక తల్లిదండ్రులకు చెప్పాల్సిన జవాబు. "సర్వతోముఖాభివృద్ధి" అనే మాట వాడకండి, అది ఎవరికీ ఎక్కదు. నేను రెండు మాటలు చెప్పేవాడిని. ఆరోగ్య–వ్యాయామ విద్య, కళలు, పని–కంప్యూటర్ విద్య, విలువల విద్య అనేవి సమగ్ర మూల్యాంకనంలో ఉన్న భాగాలే, మేము కొత్తగా పెట్టినవి కావు. రెండోది, పిల్లవాడు వారానికి ఒక్కసారైనా మాకు కనబడుతుంటే ఏ ఆపద వచ్చినా ముందుగా తెలుస్తుంది. ఈ రెండోది ఊరికే అన్న మాట కాదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వరుసగా రెండు శుక్రవారాలు బాలసభకు రాలేదు, నోటు పుస్తకం ఆమె వంతు దాటిపోయింది. పక్కింటి పిల్లను అడిగితే సంబంధాలు చూస్తున్నారని చెప్పింది. అంగన్‌వాడీ టీచర్, మా మేడం కలిసి ఇంటికి వెళ్లి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేస్తే చట్టం ఏమంటుందో, బడి తెరిస్తే ఆమెకు ఏమేం దొరుకుతాయో నెమ్మదిగా చెప్పి మాన్పించారు. వినకపోతే పిల్లల సహాయవాణి 1098 ఉంది. ఆ నంబరు ప్రతి నోటు పుస్తకం అట్ట లోపల రాయించండి. హాజరు పట్టీ లేని రోజుల్లో పుస్తకంలో ఖాళీగా మిగిలిన పేజీయే మీ హాజరు పట్టీ. పత్తి ఏరడానికి ఎవరెవరు పోతున్నారో కూడా దానిలోనే తెలుస్తుంది.

సగం తెరిచిన రోజుల్లో ఇంకో ఒత్తిడి ఉంటుంది: పదో తరగతి ఒక్కటే బడికి వస్తుంది, పరీక్ష తప్ప ఇంకేదీ వద్దంటారు. చివరి పీరియడ్‌లో అరగంటను మాత్రం పట్టుదలగా నిలుపుకోండి. తరగతులను కలపకుండా, వేపచెట్టు కిందనో వరండాలోనో నడపండి. పెద్ద పిల్లలను తండాల జట్లకు నాయకులుగా పెట్టవచ్చు గానీ, ఎవరికి జ్వరం ఉందో చూసే బాధ్యత పిల్లల మీద వేయకండి. అది పెద్దల పని, పిల్లలు చేస్తే వెలివేతకు దారితీస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. సమగ్ర శిక్ష కింద వచ్చే క్రీడా నిధి ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఉంటుంది. బడి గదిలో తాళం వేసి ఉంచే ఒక పెద్ద వస్తువుకు బదులు, పంచిపెట్టగల చిన్న వస్తువులు కొనమని మీ ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. బయటి నుంచి వచ్చే నృత్యం, కరాటే శిక్షకులు ఉంటే మూత రోజుల్లో వారి సంగతి ఏమిటో కూడా ముందే రాసిపెట్టండి. 2021లో ప్రైవేటు బడుల సిబ్బందికి ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చే దాకా వచ్చిందంటే వారి పరిస్థితి ఎలా ఉండిందో ఊహించుకోవచ్చు.

ఆరుబయటి జట్లకు ప్రధానోపాధ్యాయుల లిఖితపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సంతకం, సర్పంచ్‌కు సమాచారం, ఈ మూడూ లేకుండా మొదలుపెట్టకండి. ప్రణాళిక మొదటి పేజీలో ఆవాసాల పట్టిక వేయండి: ఏ తండాలో ఎందరు పిల్లలు, పుస్తకం ఎవరి దగ్గర చేతులు మారుతుంది, ఏ ఇంటి ఫోను ఏ వేళకు దొరుకుతుంది. ఆ నంబర్లను జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి మీరే ఫోను చేసి సరిచూసుకోండి. మాకు 2020లో బడి రిజిస్టరులో ఉన్న నంబర్లలో చాలావరకు రీఛార్జి లేక ఆగిపోయినవే. సరైనవి సంపాదించేసరికి జూలై గడిచిపోయింది.